పరాయి పేరుతో సొంత గొప్పలు: ఓల్డ్ స్కూల్ హిప్ హాప్‌లో నిజానికీ కథకీ ఉన్న లెక్క

1979 సెప్టెంబరులో వచ్చిన 'ర్యాపర్స్ డిలైట్' రికార్డులో ఒక విచిత్రమైన చోటుంది. షుగర్‌హిల్ గ్యాంగ్‌లోని బిగ్ బ్యాంక్ హ్యాంక్ తన గొప్పలు చెప్పుకుంటూ తన పేరును అక్షరం అక్షరంగా విడదీసి పలుకుతాడు. చెవి పెట్టి విని ఆ అక్షరాలు కలుపుకుంటే వచ్చేది 'క్యాసనోవా ఫ్లై'. అది హ్యాంక్ పేరు కాదు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో గ్రాండ్‌మాస్టర్ క్యాజ్ అనే ఎంసీ, అంటే మైకు పట్టుకుని ర్యాప్ చెప్పేవాడు, అంతకుముందు పెట్టుకున్న పేరు. హ్యాంక్ న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్‌లో ఒక పిజ్జా దుకాణంలో పనిచేసేవాడు. క్యాసెట్లు పెట్టుకుని వాటితోపాటు గొంతు కలుపుతుంటే షుగర్ హిల్ రికార్డ్స్ నడిపే సిల్వియా రాబిన్సన్ కంట పడ్డాడు. అవకాశం రాగానే క్యాజ్ దగ్గరికి వెళ్లి అతను రైములు, అంటే ప్రాస పాదాలు, రాసుకున్న నోటుబుక్కు తెచ్చుకున్నాడు. అందులో ఉన్నది ఉన్నట్టు చదివేశాడు. పేరు కూడా మార్చలేదు.

ప్రపంచంలో చాలామంది విన్న మొదటి ర్యాప్ అదే. బ్రాంక్స్ కుర్రాళ్లకు మాత్రం అది మింగుడుపడలేదు. ఎందుకన్నది ఆలోచిస్తే ఓల్డ్ స్కూల్, అంటే తొలినాళ్ల హిప్ హాప్, మర్మం సగం తెలిసిపోతుంది. అదే పాటలో హ్యాంక్ సూపర్‌మ్యాన్ ప్రియురాలికి వల వేసినట్టు చెప్పుకుంటాడు. దాన్ని అబద్ధమని ఎవరూ తప్పుపట్టలేదు. తప్పుపట్టింది ఆ మాటలు అతనివి కావని.

'కీపింగ్ ఇట్ రియల్', అంటే నిజాయితీగా ఉండటం, అనే మాట 1990ల్లో బాగా ఊపందుకుంది. ఆ తర్వాత అందరూ దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్లి, 1970ల కుర్రాళ్లు కూడా బతికినదే పాడారని అనుకోవడం మొదలుపెట్టారు. అది సరికాదు. ఆ రోజుల్లో నిజం అన్నది ఒక ప్రశ్న కాదు, మూడు. మాట ఎవరిది? చోటు ఎవరిది? అనుభవం ఎవరిది? మొదటి దాని దగ్గర రాజీ లేదు. రెండోదాని దగ్గర పట్టుదల ఉంది. మూడోదాని దగ్గర కల్పనకు తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే ఈ విషయంలో ఇంత గందరగోళం.

(ఇంకో మాట. పట్టింపుగా చూసేవాళ్లు ఓల్డ్ స్కూల్ అంటే 1983 వరకే అంటారు. ఇప్పటి వాడుకలో 1980ల చివరిదాకా ఆ పేరే నడుస్తోంది. ఇక్కడా అంతే.)

గదిలో ఉన్నవాళ్ల పేర్లు

1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లోని 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ భవనం కింది హాల్లో ఒక పార్టీ జరిగింది. పెట్టింది సిండీ క్యాంప్‌బెల్. బడి తెరిచే నాటికి కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బు కావాలి. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు టికెట్. రికార్డులు వేసింది ఆమె అన్న క్లైవ్, అంటే జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టి న్యూయార్క్ వచ్చిన డీజే కూల్ హెర్క్. మైకు దగ్గర అతని స్నేహితుడు కోక్ లా రాక్. ఈ లా రాక్ చెప్పినవి కథలూ కావు, కవితలూ కావు. హాల్లో ఉన్న స్నేహితుల పేర్లు పిలవడం, వాళ్ల మీద ఒక చమత్కారం విసరడం, అంతే. ర్యాప్‌లో నిజానికి మొదటి రూపం అదే. పేరు పిలిస్తే ఆ మనిషి అక్కడే నిలబడి ఉండాలి. తప్పు పేరు పిలిస్తే అక్కడికక్కడే తెలిసిపోతుంది.

అప్పటికింకా ఎక్కువసేపు మాట్లాడే వీలే లేదు. ఆ వీలు డీజే చేతుల్లోంచి వచ్చింది. పాటలో గొంతూ మిగతా వాద్యాలూ తప్పుకుని డ్రమ్స్ మాత్రమే మోగే ముక్కను బ్రేక్ అంటారు. కుర్రాళ్లు ఆడేది దాని మీదే. కానీ అది క్షణాల్లో అయిపోతుంది. నిమిషానికి 100 దెబ్బల వేగంలో ఒక్కో దెబ్బ 0.6 సెకను, నాలుగు దెబ్బల బార్ 2.4 సెకన్లు. నాలుగు బార్ల బ్రేక్ అంటే 9.6 సెకన్లు. ఎంసీ 16 బార్ల చరణం చెప్పాలంటే 38.4 సెకన్లు కావాలి. అంటే ఒకే రికార్డు ప్రతులు రెండు పెట్టుకుని, ఒకటి మోగుతుండగా రెండోదాన్ని వెనక్కి తిప్పి, ప్రతి 9.6 సెకన్లకూ ఒకసారి మార్చాలి. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అనే డీజే దీన్ని గడియారంలా లెక్కకట్టాడు. బ్రేక్ మొదలయ్యే చోట రికార్డు మీద క్రేయాన్‌తో గీత పెట్టుకుని, ఎన్ని చుట్లు వెనక్కి తిప్పాలో కంటితోనే చూసుకునేవాడు. రికార్డు చేతికింద జారడానికి గంజి పట్టించి గట్టిపరచిన ఫెల్ట్ బట్టను అడుగున వేసేవాడు. మార్చడం అర దెబ్బ ఆలస్యమైతే చాలు, ఎంసీ ప్రాస వెళ్లి తాళం బయట పడుతుంది, ఆడేవాళ్ల అడుగు తడబడుతుంది. కాబట్టి 'ఫ్లాష్ వెనక ఉన్నాడు' అని ఎంసీ గొప్పగా చెప్పుకుంటే అది ఉత్త పొగడ్త కాదు. తన మాట ఎవరి చేతి మీద నిలబడిందో చెప్పడం.

సరుకు మీద ఇంత శ్రమ పడినవాళ్లు దాన్ని కాపాడుకోరా? హెర్క్ తన రికార్డులను నీళ్లలో నానబెట్టి లేబుళ్లు ఊడదీసేవాడు, పక్క డీజేలు ఆ పాటలేవో తెలుసుకోకుండా. ఇక్కడ నిజాయితీకీ గుట్టుకీ పేచీ లేదు. ఎక్కడ దొరికిందో చెప్పనక్కర్లేదు, ఇంకొకడు తవ్విపెట్టింది ఎత్తుకుపోకూడదు.

కాటు, అరువు, కల్పన

ఎత్తుకుపోవడానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'బైటింగ్'. కాటేయడం. 1979 వరకు ర్యాప్ రికార్డులంటూ పెద్దగా లేవు. పార్టీల్లో తీసిన క్యాసెట్లు చేతులు మారుతూ ఊరంతా తిరిగేవి. ఎవరి రైము ఎవరిదో ఆ క్యాసెట్లే సాక్ష్యం. అందుకే కాటేసినవాడు వారంలోనే దొరికిపోయేవాడు. 1981 డిసెంబరులో హార్లెమ్ వరల్డ్ క్లబ్బులో కూల్ మో డీ అనే ఎంసీ, బిజీ బీ అనే ఇంకో ఎంసీని ఎదుర్కొన్న తీరు దీనికి మంచి ఉదాహరణ. జనాన్ని కేకలు వేయించడంలో బిజీ బీని మించినవాడు లేడు. మో డీ వచ్చి, ఆ కేకల పద్ధతినే వెక్కిరించి, నీ రైములే కాదు, నీ పేరు వెనక తగిలించుకున్న 'స్టార్‌స్కీ' కూడా లవ్‌బగ్ స్టార్‌స్కీ అనే ఇంకొకడి దగ్గర కొట్టేసిందే అని తేల్చేశాడు. నువ్వు పేదవాడివి కావనో, నీకు వీధి తెలియదనో ఒక్క మాట అనలేదు. ఆరోపణ అంతా మాట యాజమాన్యం మీదే. మన పండితులు గ్రంథచౌర్యం అని ఎంత రాద్ధాంతం చేసేవారో తెలిసినవాళ్లకు ఈ కోపం కొత్తగా అనిపించదు.

అయితే ఒక చిక్కుంది. హ్యాంక్ నోటుబుక్కు దొంగిలించలేదు, క్యాజే ఇచ్చాడు. మరి దాన్ని కాటు అనొచ్చా? దీన్ని విప్పడానికి 1988 నాటి 'వేపర్స్' పనికొస్తుంది. పాడింది బిజ్ మార్కీ, రాసింది అతని జట్టులోని బిగ్ డాడీ కేన్. ఒకప్పుడు మొహం చాటేసినవాళ్లే పేరొచ్చాక ఎలా వెంటపడ్డారో ఒక్కో చరణంలో ఒక్కో మనిషి కథగా చెప్పే పాట అది. ఆ మనుషులు టీజే స్వాన్, కేన్, కూల్ వీ, స్వయంగా బిజ్. అందరూ నిజం మనుషులే, పక్కపక్కన తిరిగేవాళ్లే. రాసినవాడు జట్టులోనే ఉన్నాడు, పాటలో పాత్రగానూ ఉన్నాడు. దాన్ని మోసం అన్నవాళ్లు లేరు. క్యాజ్ విషయంలో ఇచ్చినవాడి పేరు రికార్డు మీద లేదు, రాబడిలో వాటా లేదు, పైగా అతని పేరునే ఇంకొకడు తన పేరుగా పలికాడు. అరువుకీ కాటుకీ మధ్య గీత అనుమతి దగ్గర లేదు, గుర్తింపు దగ్గర ఉంది.

'ద మెసేజ్' ఎవరిది?

నిజాయితీ గల ర్యాప్ అనగానే అందరూ మొదట చెప్పే పేరు 1982లో వచ్చిన 'ద మెసేజ్'. అమెరికా జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేరిన మొదటి హిప్ హాప్ రికార్డు, 2002లో. అట్ట మీద పేరు గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్. దాని పుట్టుక చూస్తే మతి పోతుంది.

పాటలో ఎక్కువ భాగం రాసింది డ్యూక్ బూటీ, అసలు పేరు ఎడ్ ఫ్లెచర్. షుగర్ హిల్ స్టూడియోలో వాద్యకారుడు. బ్రాంక్స్‌వాడు కాదు, న్యూజెర్సీలోని ఎలిజబెత్ ఊరివాడు. కాలేజీ చదువు చదివినవాడు, తర్వాతి జీవితంలో యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు. ఫ్లాష్ జట్టుకు ఈ పాట మీద ఇష్టమే లేదు. జనం కష్టాలు మర్చిపోవడానికి పార్టీకి వస్తారు, అక్కడ కూడా కష్టాలే వినిపిస్తే ఎవరు ఆడతారు అన్నది వాళ్ల అభ్యంతరం. తీసిపారేయాల్సిన అభ్యంతరం కాదది. సిల్వియా రాబిన్సన్ పట్టుబట్టింది. చివరికి జట్టులోంచి మెలీ మెల్ ఒక్కడే చరణాలు చెప్పాడు, మిగతావి బూటీయే చెప్పాడు. ఫ్లాష్ టర్న్‌టేబుల్స్ పాటలో లేవు. చివర వీధిలో పోలీసులు పట్టుకెళ్లే చిన్న నాటకంలో మాత్రం జట్టువాళ్ల గొంతులు వినిపిస్తాయి. వీడియోలో బూటీ చరణాలకు పెదాలు కదిపింది ఫ్యూరియస్ ఫైవ్ సభ్యుడు రహీమ్.

మాట ఎవరిది అన్న మొదటి ప్రశ్న వేస్తే ఈ పాట పరీక్ష తప్పుతుంది. బ్రాంక్స్‌లో మాత్రం ఎవరూ దీన్ని బూటకం అనలేదు. కారణం చరణాల్లోని సరుకు. పేదరికం, వ్యవస్థ వంటి పెద్ద మాటలు అందులో వినిపించవు. మెట్ల మీద ఉచ్చ, పగిలిన గాజు, ముందు గదిలో ఎలుకలు, కిస్తీ కట్టలేదని కారు ఈడ్చుకుపోయిన టో ట్రక్కు. అన్నిటికంటే నన్ను ఆపేది ఒక చిన్న సంగతి. తమ్ముడు అమ్మ టీవీ ఎత్తుకెళ్లిపోయి, అమ్మ అతిగా చూస్తోంది, ఆరోగ్యానికి మంచిది కాదు అని సాకు చెబుతాడు. పగలు ఒక సీరియల్, రాత్రి ఇంకో సీరియల్, ఇక బాక్సింగ్ పోటీ చూసే దారేది అని గొణుగుడు. దొంగతనం, దరిద్రం, ఇంట్లో రిమోట్ గొడవ లాంటి చిన్న కయ్యం, అన్నీ రెండు మూడు పాదాల్లో. ఆ ఇంట్లో ఉన్నవాడికే తట్టే నవ్వు అది. ఎలిజబెత్ బ్రాంక్స్ కాకపోయినా ఆ మెట్లూ ఆ గాజు పెంకులూ అక్కడా ఉన్నాయి. అనుభవాన్ని గుర్తుపట్టించేది ఊరి పేరు కాదు, వస్తువుల జాబితా.

లయ కూడా సాయం చేసింది. అప్పటి పార్టీ రికార్డులు నిమిషానికి 110 దెబ్బల దగ్గర నడిచేవి. ఇది దాదాపు 100 దగ్గర నింపాదిగా నడుస్తుంది. ప్రతి పాదం చివర ఊపిరికి చోటుంది, విన్నవాడికి బొమ్మ కట్టుకోవడానికి సమయముంది.

అసలు తమాషా చివరి చరణంలో ఉంది. పుట్టిన బిడ్డ వీధిలో పెరిగి జైలుపాలై చచ్చిపోయే ఆ చరణాన్ని మెలీ మెల్ కొత్తగా రాయలేదు. 1979లో ఎంజాయ్ రికార్డ్స్‌కు చేసిన 'సూపర్‌ర్యాపిన్'లో అప్పటికే చెప్పేశాడు. ఉరకలెత్తే పార్టీ పాట మధ్యలో, ఊపులో కొట్టుకుపోయింది. అదే మాట, అదే గొంతు. మూడేళ్ల తర్వాత మెల్లని తాళం మీద పెడితే జనం ఉలిక్కిపడ్డారు.

బట్టలు, రాక్సాన్

చోటు సంగతి క్లుప్తంగా. రన్-డీఎంసీ జట్టువాళ్లు న్యూయార్క్‌లోనే క్వీన్స్ అనే ప్రాంతంలోని హాలిస్ కుర్రాళ్లు, మధ్యతరగతి ఇళ్లవాళ్లు. 1983 నాటి 'సక్కర్ ఎంసీస్'లో డీఎంసీ తాను సెయింట్ జాన్స్ యూనివర్సిటీలో చదువుతున్నానని దాచకుండా చెబుతాడు. వాళ్ల ముందు తరం జట్లు వేదిక మీద తోలు కోట్లు, మెరుపు బట్టలు వేసుకునేవి. వీళ్లు తమ డీజే జామ్ మాస్టర్ జే వీధిలో తిరిగే వేషంతోనే వేదికెక్కారు. టోపీ, జీన్సు, లేసుల్లేని అడిడాస్. వీధిలో పుట్టకపోయినా వీధి బట్టలు వేయడం నటన కాదా అనొచ్చు. కాలేజీ సంగతి దాచి ఉంటే అయ్యేది.

రాక్సాన్ గొడవ ఇంకా సరదా. 1984లో యూటీఎఫ్‌ఓ జట్టు తమను పట్టించుకోని రాక్సాన్ అనే అమ్మాయి మీద పాట చేసింది. అలాంటి అమ్మాయి లేదు, అది కల్పన. క్వీన్స్‌లోని క్వీన్స్‌బ్రిడ్జ్‌లో 14 ఏళ్ల పిల్ల, నేనే రాక్సాన్‌ని అంటూ నిర్మాత మార్లీ మార్ల్ ఇంట్లో జవాబు రికార్డు చేసింది. రాక్సాన్ షాంటే అలా పుట్టింది. ఒళ్లు మండిన యూటీఎఫ్‌ఓ ఇంకో అమ్మాయిని తెచ్చి ఆమెకు పెట్టిన పేరు 'ద రియల్ రాక్సాన్'. లేని మనిషికి అసలైన ప్రతినిధి! ఆ వెంట జవాబు పాటలు డజన్ల కొద్దీ వచ్చాయి. నెగ్గినట్టు అందరూ ఒప్పుకున్నది షాంటేనే. పాత్ర కల్పితమైనా అందులోంచి వచ్చిన తిట్టు, ఎకసెక్కెం ఆ పిల్ల సొంతం.

కథ కట్టే పద్ధతి

కథ చెప్పడంలో స్లిక్ రిక్‌ను దాటి వెళ్లలేం. లండన్‌లో పుట్టి చిన్నతనంలోనే బ్రాంక్స్ చేరాడు. ఆ ఇంగ్లండు యాసను బ్రాంక్స్ యాస కింద దాచలేదు, అదే అతని ముద్ర అయింది. 1985 నాటి 'లా డి డా డి'లో వాద్యాల్లేవు, డగ్ ఈ ఫ్రెష్ నోటితో చేసే బీట్ మాత్రమే. 1988 చివర వచ్చిన ఆల్బమ్‌లోని 'చిల్డ్రన్స్ స్టోరీ' పద్ధతి తెలుసుకోవడానికి సరైన పాట.

మొదట చట్రం. పిల్లలు కథ అడుగుతారు, మామయ్య చెబుతాడు. రెండే పాదాల్లో చెప్పేవాడెవరో, వినేవాళ్లెవరో తేలిపోయింది. ఇక ఇది నీకు జరిగిందా అని అడిగే వీల్లేదు. ఆపైన ఒక కుర్రాడు, దొంగతనానికి లాగే స్నేహితుడు, మారువేషంలో పోలీసు, తరుముడు, గర్భిణిని అడ్డం పెట్టుకుని మళ్లీ వదిలేయడం, తుపాకి చావు. ప్రతి మలుపూ ముందు పాదంలోని పని వల్లే వస్తుంది. ఆ తర్వాత, ఆ తర్వాత అని నడిచే కథ కాదు, అందువల్ల అని నడిచే కథ. మధ్యలో పల్లవి పెట్టి పరుగు ఆపలేదు.

గొంతుల సంగతి. 'అతనన్నాడు', 'ఆమె అంది' అని పాదంపాదానికీ చెబుతూ పోతే బార్‌లో పావు వంతు ఖర్చయిపోతుంది. రిక్ గొంతు మారుస్తాడు. ఆడవాళ్లకు సన్నగా, కుర్రాడికి బెరుకుగా, కథకుడికి నిదానంగా. హరికథలో దాసుగారు ఒక్కరే చిడతలు పట్టుకుని రాజూ రాణీ మంత్రీ అయిపోయినట్టే.

ఇలాంటి పాట కట్టబోయి చెడగొట్టుకునే చోట్లు నాలుగైదు ఎప్పుడూ ఉంటాయి. ఒక చరణంలో మాట్లాడే మనుషులు ఇద్దరు దాటితే వినేవాడు తప్పిపోతాడు. పుస్తకంలోలా వెనక్కి తిప్పి చూసుకోలేడు. అంత్యప్రాస నాలుగో దెబ్బ మీద పడటం ఓల్డ్ స్కూల్ అలవాటు, కాబట్టి అక్కడ పడే మాట కథలో ముఖ్యమైన వస్తువు కావాలి. తుపాకి, తలుపు, పేరు. ప్రాస కుదిరిందని అక్కర్లేని మాట పెడితే దాని మీదే చెవి ఆగిపోతుంది. ఊపిరి ఇంకో తంటా. రెండు బార్లు, అంటే 100 వేగంలో 4.8 సెకన్లు, ఒక గుక్క. ప్రతి రెండో బార్ చివర అర దెబ్బ ఖాళీ వదలకపోతే చరణం చివరికి గొంతు పలచబడి, ఉద్రేకం ఉండాల్సిన చోట ఆయాసం వినిపిస్తుంది. ఇక కాలం. జరిగింది అని మొదలుపెట్టి జరుగుతోంది అని మధ్యలో మారితే బాగానే ఉంటుంది, కానీ తరుముడు దగ్గరే మారాలి, ఎక్కడపడితే అక్కడ కాదు.

'చిల్డ్రన్స్ స్టోరీ' అతను, ఆమె అని నడిచే కథ. అంతకుముందే, 1980ల మధ్యలో, నేరగాడి 'నేను' ముందుకొచ్చింది. 1985లో ఫిలడెల్ఫియాలో స్కూలీ డీ, 1986లో లాస్ ఏంజెలెస్‌లో ఐస్-టీ, నేరం చేసేవాడి నోటితోనే కథ చెప్పడం మొదలుపెట్టారు. తలుపు కొట్టే పోలీసులతో ఐస్-టీ పాట మొదలవుతుంది, 'నేను' కిటికీలోంచి పారిపోతాడు. ఇది ఊడిపడ్డ పద్ధతి కాదు. జైళ్లలో, మంగలి దుకాణాల్లో నల్లజాతివాళ్లు చెప్పుకునే టోస్ట్‌లు అనే పెద్ద పద్యకథల్లో చెప్పేవాడు 'నేను' అంటూనే కల్పన చెప్పేవాడు. అదే మూసలో లాస్ట్ పొయెట్స్ అనే కవుల జట్టు సభ్యుడు జలాల్ 1973లో 'హసలర్స్ కన్వెన్షన్' ఆల్బమ్ చేశాడు, తొలి ఎంసీలు చాలామంది దాన్ని కంఠతా పట్టారు. వాళ్లకు ఆ 'నేను' వేషమని తెలుసు.

బయటివాళ్లకు తెలియలేదు. ఆ తర్వాతి దశాబ్దాల్లో అమెరికా ప్రాసిక్యూటర్లు నిందితుల ర్యాప్ నోటుబుక్కులను నేరాంగీకారంలా కోర్టులో చదివి వినిపించడం మామూలైపోయింది. 2014లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు, కేసులోని నేరానికీ ఆ పాదాలకూ బలమైన లంకె ఉంటే తప్ప వాటిని జ్యూరీ ముందు పెట్టకూడదంది. 2022లో కాలిఫోర్నియా ఇందుకో చట్టమే చేసింది. అక్కడ ఇప్పుడు ఒక పాదాన్ని సాక్ష్యంగా తేవాలంటే, జ్యూరీ వినకముందే జడ్జి దాన్ని విడిగా తూచాలి. అది ఏ కాలంలో రాసింది, నేరంతో దానికి నిజంగా పోలిక ఉందా, లేక ఆ కళారూపంలో అందరూ చెప్పుకునే గొప్పేనా అని.